గీత దాటిన కూత

కొన్ని నెలలుగా సూరిబాబు ముక్కులో పడుతున్న చుక్కల్లో మందన్నదే లేదు, అవి వట్టి నీళ్లు.

మృదుల ఆ సంగతి యంత్రం తెర మీద చూసి నమ్మలేదు. సీసా అడుగున మిగిలిన తడిని మళ్లీ తీసి మళ్లీ పరీక్షకు పెట్టింది. యంత్రం మాట మార్చలేదు. పక్కనే ఉన్న ఎస్తేరు ఫ్రిజ్ తెరిచి, అతను అంతకు ముందు తిరిగిచ్చిన సీసాలన్నీ బల్ల మీద పేర్చింది. మొట్టమొదటి సీసాలో మందుంది. తర్వాతవన్నీ నీళ్లే.

ఎస్తేరు ఆ ల్యాబ్‌లో టెక్నీషియను. మందు సీసాల్లో నింపేదీ, వాలంటీర్లను నడిపించి ఆయాసం ఎంతుందో అడిగేదీ ఆమే. తన చేతి మీదుగా వెళ్లిన సీసాలు అవి.

మృదుల రెండు వేళ్లు తన మెడ మీద పెట్టుకుంది. ఆలోచన తెగనప్పుడు ఆమెకది అలవాటు. అక్కడ, నాడి కొట్టుకునే చోట, అటొకటి ఇటొకటి బియ్యపుగింజంత అవయవాలున్నాయి. ప్రవహించే రక్తాన్ని రుచి చూసి అందులో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టడం వాటి పని. ఆక్సిజన్ సరిపడా ఉన్నంతసేపూ అక్కడి ఎంజైము ఒకటి పిసరంత వాయువు తయారుచేసి నరాన్ని జోకొడుతూ ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఎంజైము పని ఆగుతుంది, జోల ఆగుతుంది, నరం లేచి డప్పు కొడుతుంది. ఆ డప్పే ఆయాసం. గుండె నిండా గాలి పీల్చగలిగినవాడికి అది మేలు చేస్తుంది. ఊపిరితిత్తులు పాడైపోయినవాడు ఎంత పీల్చినా ఆ గాలి చాలదు కాబట్టి, వాడికి డప్పు రాత్రీ పగలూ మోగుతూనే ఉంటుంది.

మృదుల వాళ్లమ్మ చెవుల్లో అలా రెండేళ్లు మోగింది. కాలేజీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, విసనకర్రతో విసురుతూ, అమ్మ నోరు తెరిచి గాలి కోసం పాకులాడటం చూసింది మృదుల. ఆ తర్వాత ఆమె చదివిన చదువంతా ఆ డప్పు ఆపడానికే. చివరికి ఎంజైమునే మార్చింది. ఆక్సిజన్ తగ్గినా జోలపాట ఆపని ఎంజైమును పుట్టించి, ముక్కులో వేసుకునే చుక్కలుగా చేసింది. దానికి అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి పేరొకటి ఉన్నా, కాకినాడ ల్యాబ్‌లో అందరూ దాన్ని 'నిమ్మళం' అనేవారు.

మొదట ఎక్కువ మోతాదు ఇచ్చారు. వాలంటీర్లుగా వచ్చిన పెద్దవాళ్లలో ఇద్దరు పెదాలు నల్లబడుతున్నా నవ్వుతూ నడిచేసరికి వెంటనే ఆపేసి, మోతాదు సగానికి తగ్గించారు. తగ్గించాక ఫలితాలు కలగాపులగంగా వచ్చాయి. ఒకరికి పనిచేయలేదు, ఒకరు మధ్యలో మానేశారు. తగ్గించిన మోతాదుతోనే మొదలుపెట్టిన సూరిబాబు ఒక్కడి విషయంలో మాత్రం మందు పుస్తకంలో రాసుకున్నట్టు పనిచేసింది. వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచి వచ్చి, ఆయాసం సున్నా నుంచి పది దాకా ఎంతుందండీ అని ఎస్తేరు అడిగితే, సున్నా అనేవాడు. ఆక్సిజన్ చూస్తే ప్రమాదం దాకా ఎప్పుడూ దిగలేదు. ఆయాసమూ లేదు, అపాయమూ లేదు. ల్యాబ్ పెద్ద డాక్టర్ రహమతుల్లా ఆ ఫలితాల గ్రాఫు గీతను రంగుల్లో అచ్చువేయించి గోడకు తగిలించాడు. ప్రయోగాలకు అనుమతిచ్చే కమిటీ కదిలింది ఆ గీత చూసే. రేపు పొద్దున్న సమావేశం. సరేనంటే ఇదే మందు, ఇదే మోతాదు, వేరే వేరే ఊళ్లలో మూడొందల మందికి మొదలవుతుంది.

ఆ సూరిబాబు మృదులకు మామగారు.

రహమతుల్లా కబురందుకుని వచ్చి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని తెర చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఈ మందు కోసం రిటైర్మెంటు రెండుసార్లు వాయిదా వేసుకున్న మనిషి. ఎంజైములు సున్నితం కదా, ఇంట్లో ఎండ తగిలి చచ్చిపోయి ఉంటాయేమో, అలా రాసి ఊరుకుందామా అని మెల్లగా అడిగాడు. చచ్చిపోయినా శవం మిగులుతుంది సార్, ఇందులో శవం కూడా లేదు అంది మృదుల. అయితే ట్రే మారి ఉంటుందన్నాడు ఆయన. పోల్చి చూడటానికి కొందరికి మందు లేని సీసాలిస్తారు. ఎస్తేరు పొరపాటున ఆ ట్రేలోంచి ఇచ్చి ఉంటుందని ఆయన ఊహ.

"రేపు పది గంటలకి కమిటీ ముందు ఏదో ఒకటి చెప్పాలమ్మా" అన్నాడు చివరికి. "నువ్వు తెలుసుకుని చెప్తే అది చెప్తాను. లేదంటే ఈ అమ్మాయి పేరు చెప్పక తప్పదు."

ఎస్తేరు ఏడవలేదు. గ్లౌజులు విప్పి, మడిచి, జేబులో పెట్టుకుంది. అది ఏడుపు కంటే కష్టంగా ఉంది చూడ్డానికి.

ఆయన వెళ్లాక మృదులకు ఉప్పు గుర్తొచ్చింది. మందు లేని సీసాల్లో వాళ్లు పోసేది ముక్కు మండకుండా ఉండేందుకు కలిపిన ఉప్పునీరు. సూరిబాబు సీసాలో ఉప్పు ఉందో లేదో చూసింది. లేదు. ఇంకో అనుమానంతో క్లోరిన్ పట్టీ ముంచింది. పట్టీ లేత గులాబీ రంగుకు తిరిగింది.

ల్యాబ్‌లో క్లోరిన్ కలిపిన నీళ్లు ఏ బల్ల మీదా ఉండవు. అవి మున్సిపాలిటీ కుళాయి నీళ్లు. మందు మాయమైంది ఇక్కడ కాదు, జగన్నాథపురంలో తన ఇంట్లో.

*

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి చింతచిగురు రొయ్యల వాసన వీధి గుమ్మం దాకా వచ్చి ఎదురైంది. భార్య పోయాక సూరిబాబు వంటింటిని ఆక్రమించుకుని ఎవరికీ తిరిగివ్వలేదు. రైసుమిల్లులో ఊక దుమ్ము మింగుతూ బతికిన మనిషి, రిటైరయ్యాక పోపు వాసన పీలుస్తూ బతుకుతానని పంతం పట్టాడు. కోడలు కాలేజీకి, తర్వాత ల్యాబ్‌కు వెళ్లిన ప్రతిరోజూ క్యారేజీ ఆయనే సర్దేవాడు.

"డాక్టరమ్మ ఇయ్యాల ఇంటికొచ్చి తింటంది. కాకులు గుంపుగా అరిచినప్పుడే అనుకున్నా" అన్నాడు వడ్డిస్తూ.

మృదుల భర్త నాగేంద్ర పోర్టులో పని నుంచి భోజనానికి వచ్చి ఉన్నాడు. తండ్రి పరిహాసాలకు నవ్వే పని అతనిది. మృదుల తింటూ మామగారినే చూసింది. మనిషి తీరిగ్గా ఉన్నాడు. మాట తొణకడంలేదు. రొయ్యల్లో పులుపు ఎక్కువైందా అని అడిగాడు, ఎక్కువైందంటే నోరు బాలేదన్నాడు. కంచాలు తీసి, జామమొక్కకు నీళ్లు పోసొస్తానని పెరట్లోకి వెళ్లాడు. ఆయాసపడే మనిషి ఎవరైనా అలా ఉంటాడా?

ఆమెను పీడిస్తున్న ప్రశ్న అదే. చుక్కల్లో మందు లేదు. మనిషికి ఆయాసమూ లేదు. కుళాయి నీళ్లతో ఆయాసం పోయేట్టయితే ఇన్నేళ్లు తను చదివిందేమిటి?

ఆయన్ని తర్వాత చూద్దామనుకుని ముందు మొగుణ్ని పట్టుకుంది. తండ్రి మీద ప్రయోగాలొద్దని మొదట్లో గొడవపడ్డవాడు నాగేంద్రే. వారం రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. అందుకని సూటిగా అడిగేసింది, సీసాలో మందు పారబోసి నీళ్లు పోశావా అని.

నాగేంద్ర చేతులు తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే పట్టుకుని ఆమె వంక చూశాడు. తనకి అబద్ధం మొహం మీద అచ్చుపడుతుందని, పెళ్లయిన మర్నాటి నుంచీ ఆమె చదువుతూనే ఉందని, ఇన్ని నెలలు దాచడం తన వల్ల అయ్యే పనా అని అడిగాడు. ఆమెకది నిజమేననిపించింది. అయినా ఆ సీసా తన చేతికి దొరికితే కదా అన్నాడతను. నాన్న దాన్ని తన చెడుగుడు పతకాలున్న ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తాడట. చుక్కలు తనే వేసుకుంటాడట, తలుపు మూసుకుని.

"నీ మందంటే ఆయనకి దేవుడి ప్రసాదం మృదూ. నన్ను కూడా ముట్టుకోనివ్వడు" అన్నాడు.

మృదుల పెరట్లోకి చూసింది. జామమొక్క దగ్గర ఎవరూ లేరు. చెంబు గోడ మీద ఉంది. సూరిబాబు ఎప్పటిలాగే సముద్రపు ఒడ్డు ఇసకలోకి వెళ్లిపోయాడు.

*

సముద్రం ఒడ్డున సరుగుడు చెట్లుండే సర్వితోట వెనక ఇసక చదును చేసి గీత గీసిన చోటు ఒకటుంది. సూరిబాబు కుర్రతనంలో చెడుగుడు ఆడి పేరు తెచ్చుకుంది అక్కడే. పంచె ఎగ్గట్టి గీత దాటితే తిరిగొచ్చి ముట్టేదాకా ఒక్క ఊపిరి మీద పట్టిన కూత తెగదని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు మున్సిపల్ స్కూలు ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నోటితోనే ఆడిస్తాడు.

మృదుల స్కూటరు సర్వితోట పక్కన ఆపి నడిచింది. ఆయన వీపు ఇటు ఉంది. పిల్లలు గుండ్రంగా నిలబడి వింటున్నారు. ఒక పిల్ల కూతకెళ్లి అలిసిపోయి దొరికిపోయినట్టుంది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది.

"నువ్వెందుకు దొరికావో చెప్పనా" అంటున్నాడు సూరిబాబు. "ఊపిరి అయిపోయి కాదే. అయిపోయినట్టు కనబడ్డావు. నీ భుజాలు లేచాయి, ముక్కుపుటాలు ఎగిరాయి. అవతలోళ్లు చూత్తా ఊరుకుంటారా? ఆయాసం వచ్చేది వత్తది, దాన్నెవడూ ఆపలేడు. దాచాలి. భుజాలు రాయిలా ఉండాలి. గాలి కింద పొట్టలోకి లాగాలి, మాటకీ మాటకీ సందున, పాలు చప్పరించినట్టు. మొహం మాత్రం పెళ్లిలో కూచున్నట్టుండాలి. లోపల చచ్చిపోతా ఉన్నా సరే, ఎదటోడు ఈడికింకా బోలెడు ఊపిరుందిరా అనుకోవాలి. అదీ కూతంటే."

మృదుల ఇసకలో నిలబడిపోయింది.

పెళ్లిలో కూచున్న మొహం. నెలల తరబడి వరండాలో నడిచొచ్చి, ఎస్తేరుకు ఏదో పరిహాసం చెప్పి, సున్నా అన్న మొహం. ఇందాక వడ్డించిన మొహం. నీళ్లు పోసొస్తానని పెరట్లోకి వెళ్తాడు. గోడ చాటున, ఎవరూ చూడని చోట, చెంబు పక్కన పెట్టి కూలబడతాడు. అందుకే ఆక్సిజన్ ఎప్పుడూ ప్రమాదం దాకా దిగలేదు. మెడలోని కాపలా నిద్రపోలేదు. అది డప్పు కొడుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు, వినగానే ఆగుతూనే ఉన్నాడు. గోడ మీద రంగుల గీత తన మందు గొప్పతనం కాదు. ఒక చెడుగుడు ఆటగాడి పనితనం.

రేపు కమిటీ సరేనంటే తను కనిపెట్టిన మందు మూడొందల మంది మెడల్లో కాపలావాళ్లను నిద్రపుచ్చబోతోంది. ఆ మూడొందల మందీ నిజంగా వేసుకుంటారు.

ఆమె వెళ్లి కుర్చీ ముందు ఇసకలో కూర్చుంది. సూరిబాబు ఆమెను చూసి, ఆమె కళ్లు చూసి, పిల్లల్ని ఇళ్లకు పొమ్మన్నాడు. వాళ్లు చెప్పులు వెతుక్కుని వెళ్లారు.

మృదుల జరిగిందంతా చెప్పింది. సీసాలు, క్లోరిన్, ఎస్తేరు మీద పడబోయే నింద, రేపటి సమావేశం. కమిటీ సరేననడానికి కారణం ఆయన చెప్పిన సున్నాలేనని కూడా చెప్పింది.

"నా సున్నాలా?" అన్నాడు సూరిబాబు.

"మీవే మామయ్యా. మిగతావాళ్లవి అటూ ఇటూగా ఉన్నాయి. మీ గీత చూపించే అడిగాం."

ఆమెకు పరిచయమైన ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన భుజాలు బిగబట్టకుండా లేవనిచ్చాడు. అవి లేచాయి, పడ్డాయి, మళ్లీ లేచాయి. మెడ నరాలు తాళ్లలా బయటికొచ్చాయి. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"నేనే పారబోశానమ్మా. ఎస్తేరు పాపకి ఏం తెలీదు. మా ఓడికీ తెలీదు. సీసా తెచ్చుకోడం, బాత్రూములో వంచెయ్యడం, కుళాయి కింద పెట్టడం. నా చేత్తోనే.

"మొదటి సీసా నిజంగానే వాడాను. అబద్ధం చెప్పను, ఆ కొన్నాళ్లూ నాకు పాతికేళ్లు వచ్చినట్టుంది. మెట్లెక్కితే మెట్లెక్కినట్టే లేదు. ఆ ఊపులో ఒక సాయంత్రం ఇక్కడికొచ్చాను. మా పాత జట్టోళ్లు నలుగురైదుగురు ఉన్నారు. ముసలోడివైపోయావు సూరీ అన్నారు. పంచె ఎగ్గట్టి గీత దాటాను.

"కూత మొదలెట్టాను. అస్సలు ఆయాసం లేదు. ఒకణ్ని ముట్టాను, ఇంకోణ్ని ముట్టాను. ఎనక్కి రావాలి కదా. రావాలనిపించలేదమ్మా. ఎప్పుడూ లోపల్నుంచి ఒకటి పిలిచేది, చాల్లేరా ఇంక వచ్చెయ్ అని. ఆ పిలుపు లేదు. వాళ్లు ఆట ఆపేసి చేతులెత్తేసి, సూరీ ఆపరా, నీ పెదాలు నల్లగా అయిపోతన్నాయిరా అని మొత్తుకుంటన్నారు. నేను ఇంటన్నాను, నవ్వుతున్నాను, కూత్తానే ఉన్నాను. తర్వాత ఏటైందో తెలీదు. లేచేసరికి సత్తిరాజుగాడి ఒళ్లో ఉంది నా తల. ఆడు ఏడుత్తున్నాడు. ఇంట్లో చెప్పొద్దని ఆళ్ల చేత ఒట్టేయించుకున్నాను.

"కూతకెళ్లినోణ్ని ఇంటికి రమ్మని పిలిచేది ఆయాసమేనమ్మా. అది నోరు మూసుకుంటే ఎంత మొనగాడైనా అవతలే ఉండిపోతాడు. ఆ రోజే తెల్సింది నాకు. ఆ రోజే చెప్పాల్సింది నీకు. చెప్పాలనే వచ్చాను.

"నువ్వప్పుడు వంటింట్లో మామిడికాయ తరుగుతున్నావు. మీ అమ్మ గురించి మాట్లాడుతున్నావు మా ఓడితో. ఆవిడ అరటిదూట కూర ఎలా చేసేదో చెప్తన్నావు. నువ్వీ ఇంటికొచ్చాక ఎన్నిసార్లు ఆవిడ మాట ఎత్తినా మధ్యలో ఆగిపోయేదానివి. ఆ రోజు ఆగలేదు. కూర పూర్తయ్యేదాకా చెప్పావు, నవ్వావు కూడా. నన్ను చూసి, మామయ్యా, మీకు తగ్గింది, అమ్మకి కూడా తగ్గించినట్టుంది నాకు అన్నావు. ఏం చెప్పమంటావు చెప్పు? ఆ మొహం మీద నీళ్లు కొట్టమంటావా?

"అందుకని నా ఆయాసం నేనే మోద్దామనుకున్నాను. నాకలవాటే కదా. నడిపించినప్పుడల్లా పొట్టతో పీల్చి, సున్నా అనేవాణ్ని. ఆ పాప నమ్మేది. చాలా మంచి పాప, దాన్నేం అనకండి. నేనొక్కణ్ని అబద్ధం చెప్తే ఏమైంది, ఎంతమంది ముసలోళ్లు లేరు, బస్తాలో ఒక్క గింజ రాయైతే ఎవరికి తగుల్తది అనుకున్నాను. నా గింజ పెట్టే బస్తా అంతా తూత్తన్నారని నాకెవరు చెప్పారు? తెలిసుంటే ఆ రోజే మామిడికాయ ముక్కల మీదే చెప్పేసేవాణ్ని. నీ మొహం ఏమైపోయినా చెప్పేసేవాణ్ని.

"మూడొందల మందన్నావు. అందరూ కూతకెళ్లిపోతారమ్మా. ఒక్కడూ రాడు.

"ఏడవకు. ఇటు చూడు. నీ మందు ఉత్తిది కాదు. అది పనిచేసింది, మరీ బాగా పనిచేసింది. పిలుపు ఆపకుండా, నెప్పి మట్టుకు ఆపేది ఏదైనా ఉందేమో చూడు. నీకు తెల్సు, నాకు తెలీదు. ఈసారి నాకే ముందియ్యి, నిజం చెప్తాను. ఎనిమిదైతే ఎనిమిదంటాను. ఇప్పుడైతే తొమ్మిది.

"ఉండు... కొంచెం ఆగు...

"ఆ. రేపు ఆ మీటింగుకి నన్ను తీసుకెళ్లు. నువ్వు చెప్పొద్దు, ఆ పెద్దాయన చెప్పొద్దు. నేనే చెప్తాను, నేనే పారబోశానని. అక్కడ మెట్లుంటే ముందే చెప్పు. ఒక్క బిగిన ఎక్కలేను. మధ్యలో కూచుంటాను. రొప్పుతాను. అందరూ చూత్తారు. చూడనీ."